చేమదుంప సాక్ష్యం

అమాన్సియో కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. రాసుకోనీ. చిన్నప్పుడు జంట సరస్సుల గట్టు మీద ఆవులు కాసి, పెద్దయ్యాక అదే గట్టు మీద టూరిస్టుల్ని కాసినవాడు, వాన లేని రోజున, తెలిసిన రాయి మీంచి జారిపడ్డాడంటే మా సావ్ మిగేల్ దీవిలో చంటిపిల్లలు కూడా నమ్మరు. ఆ రాళ్ళకు అతను పేర్లు పెట్టుకున్నాడు కూడా.

ఎర్మెలిందా అసలే నమ్మలేదు. ఆమెకు జ్ఞానస్నానం చేయించిన రోజు పక్కన నిలబడ్డ పెదనాన్న అతనే. గూఢచారి ఉద్యోగంలో మొదటి పాఠాలు చెప్పిందీ అతనే. పైకి టూరిస్టు గైడు, లోపల ఏజెంటు. ఇప్పుడు ఆ రెండు పనులూ ఆమెవి.

సమాధి మీద మట్టి ఆరకముందే పై అధికారి కర్నల్ బ్రూమ్ నుంచి కబురొచ్చింది. కర్నల్ ఆఫీసు ఒక అనాస తోటలో ఉంటుంది. గాజు పలకల ఇల్లు, లోపల వరసగా అనాస మొక్కలు. అన్నీ ఒకేసారి పూత పట్టాలని తలుపులు మూసి పొగపెట్టే రోజు అది. కర్నల్ దగ్గుతూనే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ఎడమకాలి పిక్క మీద సూది పోటు. విషం. గుండె ముందు ఆగింది, పడ్డం తర్వాత."

"ఎవరు సార్?"

"మనిషి తెలీదు. ముఠా తెలుసు."

ఆ ముఠా ఏ దేశానిదో నేను చెప్పను. చెబితే వాళ్ళ రాయబారి మూడు పేజీల ఖండన పంపిస్తాడు, చదవడానికి నాకు ఓపిక లేదు. సముద్రం అడుగున పోయే కేబుళ్ళకు చెవులు తగిలించి, దేశదేశాల మాటలు దొంగతనంగా వినడం వాళ్ళ వృత్తి. ఆ చెవుల్ని తయారుచేసినవాడు డాక్టర్ ఇమాంట్స్. చేశాక మనసు ఒప్పక పారిపోయి మా దీవికి వచ్చాడు. రేపు ఉదయం లిస్బన్‌లో జడ్జీల ముందు నిలబడి, ఏ చెవి ఎక్కడ తగిలించిందీ చెప్పబోతున్నాడు. అతను నోరు విప్పితే ముఠా మూతపడుతుంది. అతను లేకపోతే కేసే లేదు.

"డాక్టర్ ఫుర్నాష్ ఊళ్ళో దాక్కున్నాడని వాళ్ళకు తెలిసిపోయింది" అన్నాడు కర్నల్. "ఏ ఇంట్లోనో మాత్రం తెలీదు. రాత్రి ఒక ఫోన్ కాల్ దొరికింది. 'రేపు డే ట్రిప్, మధ్యాహ్నం భోజనం ఫుర్నాష్‌లో.' అంతే. ఇవాళ అక్కడికి వెళ్ళే ట్రిప్ నీదొక్కటే. అంటే వచ్చేవాడు నీ వ్యానులోనే వస్తున్నాడు."

"ట్రిప్ రద్దు చేస్తే?"

"ఇంకో దారిన వస్తాడు. ఎలాగూ వచ్చేవాణ్ణి మన బండిలోనే కూర్చోబెట్టుకుంటే కంటి ముందుంటాడు." మళ్ళీ దగ్గాడు. "ఇంకో మాట. లిస్బన్ వాళ్ళు సాయం పంపారు. డినిష్ అల్బుకెర్కె."

"ఆ అత్తరు సీసానా?"

"మర్యాద, ఎర్మెలిందా."

"అత్తరు సీసా గారా?"

కర్నల్ దగ్గులో నవ్వు దాచుకున్నాడు.

వ్యానులో నలుగురే. ఒక డచ్చి దంపతులు, ఊదారంగు రెయిన్‌కోట్లలో, ఎక్కిన క్షణం నుంచీ ఒకరి మీద ఒకరు సణుక్కుంటూ ఉన్నారు. టోర్‌స్టెన్ అనే స్వీడన్ మనిషి, మెడలో మూరెడు కెమెరా లెన్స్. నాలుగోవాడు డినిష్. తెల్ల లినెన్ సూటు, చెస్ట్‌నట్ రంగు తోలు బూట్లు, చేతిలో వెండి పిడి గొడుగు. అతనెక్కగానే వ్యానంతా ఖరీదైన వాసన వేసింది. లిస్బన్ హెడ్డాఫీసులో టైపిస్టుల దగ్గర్నుంచి డైరెక్టర్ భార్య దాకా అతని పేరు వింటే జుట్టు సర్దుకుంటారని ప్రతీతి. తప్పు వాళ్ళది కాదు. మనిషి నిజంగానే అందగాడు.

"ఇవాళ పొగమంచు విడుతుందా?" అని అడిగాడు. కోడ్ మొదటి సగం.

"విడుతుంది. చూసేవాళ్ళు ఉంటే మళ్ళీ కమ్ముతుంది" అంది ఎర్మెలిందా. రెండో సగం.

డినిష్ ముందు సీటులో ఆమె పక్కనే కూర్చున్నాడు. వ్యాను పచ్చిక కొండలెక్కుతోంది. అటూ ఇటూ నీలిపూల కంచెలు, వాటి వెనక తడిసిన ఆవులు.

"నీకెవరి మీద అనుమానం?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ లెన్స్ మనిషి మీద. ఎక్కిన దగ్గర్నుంచి ఒక్క కొండ వైపు చూళ్ళేదు. ఫుర్నాష్ ఎప్పుడొస్తుందని మూడుసార్లు అడిగాడు."

"భేష్. వాణ్ణి నాకు వదిలెయ్. నువ్వు బండి తోలు, కథలు చెప్పు. నీకు వచ్చిన పనే కదా."

ఎర్మెలిందా పళ్ళు బిగించి గేరు మార్చింది. లిస్బన్ వాళ్ళకు మా దీవి అంటే పాలు, వెన్న, పైనాపిల్. బుర్ర కూడా ఇక్కడ కాస్తుందని వాళ్ళ పాఠ్యపుస్తకాల్లో లేదు.

"నేనుండగా భయం లేదు" అన్నాడు డినిష్, కాలు మీద కాలేసుకుని. "ఈ మడమ చూశావా? ఇందులో చిన్న మీట ఉంది. అగ్నిపర్వతం అలారం. అబ్జర్వేటరీ స్క్రీన్ ఎరుపు చూపించాలి, డ్యూటీలో ఉన్న లిస్బన్ ఆఫీసరు మూడుసార్లు మడమ కొట్టాలి. అప్పుడే ఊళ్ళలో సైరన్ మోగేది. ఇవాళ డ్యూటీ నాది. మీ దీవి మొత్తం నా కాలి కింద ఉందన్నమాట."

"మా దీవి కింద కూడా ఒకటుందండి. దాన్ని ఇంతవరకూ ఎవరూ కాలి కింద పెట్టుకోలేదు."

అతను నవ్వి అద్దంలో మీసం చూసుకున్నాడు.

జంట సరస్సుల గట్టు దగ్గర పొగమంచు విడింది. ఒక సరస్సు నీలం, ఒకటి ఆకుపచ్చ. డచ్చి దంపతులు పోట్లాట ఆపి ఫొటోలు తీసుకున్నారు. టోర్‌స్టెన్ పొదల్లోకి లెన్స్ పెట్టాడు. ఎర్మెలిందా ఆ రాయి దగ్గర నిలబడింది. ఎవరో నీలిపూల గుత్తి పెట్టి వెళ్ళారు. ఆమెకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. పెదనాన్నా, వాణ్ణి ఈ దీవి దాటనివ్వను అనుకుంది. వెనక డినిష్ గొడుగు ఊపుకుంటూ ఈల వేస్తున్నాడు. మా దీవిలో మేమెవరం గొడుగు పట్టం. మా గాలికి అది రెండు నిమిషాలు నిలవదు. టూరిస్టుల చేతుల్లోనే కనిపిస్తుంది కాబట్టి ఆమె దాన్ని పట్టించుకోలేదు.

ఫుర్నాష్ లోయలో దిగేసరికి గంధకం వాసన ముక్కులు మూసింది. సరస్సు ఒడ్డున నేలంతా పొగలు. అక్కడ ఫుర్నాష్ హోటళ్ళ వాళ్ళు తెల్లవారుజామున పెద్దపెద్ద కుండలు తెచ్చి గుంతల్లో దింపుతారు. మాంసం, సాసేజ్, క్యాబేజీ, క్యారెట్, చేమదుంప, అన్నీ పొరలు పొరలుగా. చుక్క నీళ్ళు పొయ్యరు, పుల్ల అంటించరు. పైన చెక్కమూత, దాని మీద మట్టిదిబ్బ, దిబ్బ మీద హోటలు పేరు రాసిన పలక. మధ్యాహ్నానికి నేల వేడికి కూర దానంతటదే ఉడుకుతుంది. దాన్ని కొజీదు అంటాం.

"ఒకే ఒక్క రూలు" అంది ఎర్మెలిందా గైడు గొంతుతో. "పలక ఉన్నా లేకపోయినా, కుండ ఉన్నా తీసేసినా, ఏ దిబ్బ మీదా కాలు పెట్టకండి. చుట్టూ తిరిగి వెళ్ళండి. కింద ఆవిరి ఉంటుంది, అది మనిషినీ మేకనూ వేరుగా చూడదు."

డచ్చి దంపతులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. టోర్‌స్టెన్ తలూపాడు. డినిష్ బూటు మీద పడిన బురద చుక్కను జేబురుమాలుతో తుడుచుకుంటున్నాడు.

'డియోలిందా' అని పలక ఉన్న దిబ్బ దగ్గర ఎర్మెలిందా మేనత్త నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. పేరూ ఆమెదే, హోటలూ ఆమెదే, నోరు మాత్రం ఊరందరిదీ. చర్చి గంట పన్నెండు కొట్టడం అయ్యేదాకా పార ముట్టనివ్వలేదు. వేళ కాకుండా గుంత తవ్వితే కూరా పాడు, ఇల్లూ పాడు అని ఫుర్నాష్‌లో ఒక పట్టింపు.

"ఏమే, మళ్ళీ చిక్కావు" అంది మేనకోడల్ని చూసి. "ఈ తెల్ల సూటు ఎవరు? పెళ్ళికొడుకా?"

"లిస్బన్ నుంచి వచ్చారత్తా."

"అయితే కాదులే" అని, ఇద్దరు మగవాళ్ళు కొక్కేలతో కుండ పైకి లాగుతుంటే వాళ్ళ మీద అరవడానికి వెళ్ళింది.

టోర్‌స్టెన్ భోజనానికి రానన్నాడు. సరస్సు దగ్గరే ఉంటాడట. ఎర్మెలిందా డినిష్ వైపు చూసింది. "ఉండనీ" అన్నాడతను. "వాణ్ణి తర్వాత చూసుకుందాం. నాకు ఆకలిగా ఉంది."

హోటలు చర్చి ముందున్న మైదానానికి ఎదురుగా ఉంటుంది. ముందు హాలు, వెనక వంటగది. ఆ వంటగదిలో తలకు గుడ్డ చుట్టుకుని చేమదుంపల తొక్క తీస్తున్న బక్కపలచని మనిషే డాక్టర్ ఇమాంట్స్. అతను అత్తకు మేనల్లుడు కాడని ఊరంతటికీ తెలుసు. ఊరు దాటి ఒక్కరికీ తెలియదు.

"చూడవే" అంది అత్త లోపలికి వెళ్ళిన ఎర్మెలిందాతో. "సముద్రం అడుగున చెవులు పెట్టాడట. తొక్క తియ్యమంటే సగం దుంప తీసేస్తాడు."

డాక్టర్ సిగ్గుపడ్డాడు. "రేపటితో మీకు నా పీడ వదుల్తుంది."

"పీడేమిటి అబ్బీ, పిచ్చిమాటలు. ముందు తిను. చిక్కిపోయి జడ్జీల ముందు నిలబడితే నా వంటకు చెడ్డపేరు."

ఎర్మెలిందా హాల్లోకి వచ్చి డినిష్ ఎదురుగా కూర్చుంది. పళ్ళాలు వచ్చాయి, ఆవిరి కక్కుతూ. డచ్చి ఆవిడ కళ్ళు మూసుకుని మొదటి ముద్ద తిన్నది. అప్పుడు టేబుల్ కింద చప్పుడు వినిపించింది. టక్. టక్. టక్. ఎవరో పాటకు తాళం వేస్తున్నట్టు.

ఎర్మెలిందా ఫోర్కు ఎత్తేలోపు సైరన్ మోగింది.

ఒక్క వీధిలో కాదు, లోయ అంతటా. అందరి ఫోన్లూ ఒక్కసారే గుర్రుమన్నాయి. అదే మాట అన్నింటి మీదా: 'ఫుర్నాష్ సరస్సు ఒడ్డున నేల వేడి తెల్లవారిన దగ్గర్నుంచి రెట్టింపయింది. అగ్నిపర్వతం పేలే ప్రమాదం. తక్షణం అందరూ చర్చి మైదానానికి చేరండి. ఇళ్ళలో ఎవరూ ఉండరాదు.'

డచ్చాయన కుర్చీ తోసుకుని లేచాడు. ఎవరి చేతిలోంచో గ్లాసు జారి పగిలింది. నిజం చెప్పాలంటే మాకు ఆ సైరన్ అంటే గుండెల్లో రాయి పడుతుంది. పొయ్యి మీద బతుకుతున్నామని మాకు ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

డినిష్ అప్పటికే నిలబడి గొడుగు అందుకున్నాడు. "ప్రోటోకాల్. డాక్టర్ని తక్షణం బయటికి తీసుకురా. మైదానంలో నేను చూసుకుంటాను. త్వరగా, ఎర్మెలిందా. లోయంతా కాలిపోతే మన చేతుల్లో ఏమీ ఉండదు."

"తెస్తాను" అని ఆమె వంటగదిలోకి పరుగెత్తి కర్నల్‌కు ఫోన్ చేసింది.

"స్క్రీన్ ఎర్రగా ఉంది" అన్నాడు కర్నల్. దగ్గు లేదు. "అబ్జర్వేటరీ వాళ్ళు కూడా చూస్తున్నది ఆ స్క్రీనే. మనుషుల్ని పంపించారు, రావడానికి టైం పడుతుంది. నేను ఇక్కడున్నాను, నువ్వు అక్కడున్నావు. నిర్ణయం నీది."

ఎర్మెలిందాకు భయం వేసింది. ఊరు ఊరంతా ఆమె చుట్టాలు. చిన్నప్పుడు ముక్కు తుడిచినవాళ్ళు, పెద్దయ్యాక ముక్కుసూటిగా తిట్టినవాళ్ళు. అలారం నిజమైతే, ఆగమని చెప్పిన పాపం ఆమెది. అబద్ధమైతే, బయటికి తెచ్చిన డాక్టర్ ఆ గుంపులో కుప్పకూలతాడు, అమాన్సియోలాగే, పిక్క మీద సూది గుర్తుతో. గుండె ఆగిందని రాసుకుంటారు.

డాక్టర్ కత్తి పక్కన పెట్టి లేచాడు. "నేను వెళ్తాను. నా ఒక్కడి కోసం ఇంతమందిని ఆపొద్దు."

"కూర్చో" అంది అత్త. "నా ఇంట్లో భోజనం మధ్యలో లేచినవాడు లేడు."

ఆమె చేతిలో వడ్డించే పళ్ళెం ఇంకా అలాగే ఉంది. ఎర్మెలిందా చూపు దాని మీద ఆగింది. క్యాబేజీ ఆకు ఇంకా ఆకుగానే ఉంది. ఎముక నుంచి మాంసం ఊడీ ఊడనట్టు ఉంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కొజీదులో ఆ మెతుకు చేమదుంప. అన్నిటికంటే ఆఖర్న ఉడికేది అది. ఆమె ఒక దుంప తీసి రెండుగా విరిచింది. చుట్టూ వెన్నలా మెత్తగా, నడుమ కాస్త పంటికి తగిలేటట్టు. చిన్నప్పటి నుంచీ ఈ హోటల్లో తిన్న ప్రతి చేమదుంప ఎలా ఉందో, అలాగే.

"అత్తా, కుండ ఎప్పుడు దింపావు?"

"ఎప్పుడూ దింపే వేళకే. తీసిందీ ఎప్పుడూ తీసే వేళకే. ఎందుకే?"

"పొద్దుట్నుంచీ నేల వేడి రెట్టింపైతే ఈ దుంప ఎలా ఉండాలి?"

అత్త ఆ దుంప వైపు చూసింది. ఫోన్ వైపు చూసింది. ఆమె మొహం మీద భయం పోయి, ఎవరో తన వంటకు వంక పెట్టినంత కోపం వచ్చింది. "దుంపెక్కడే? కుండలో జావ ఉండాలి. మాంసం మాడి అడుగంటాలి."

ముఠా పప్పులో కాలేసింది ఇక్కడే. ఉత్త అలారం కొట్టి ఊరుకుంటే మేం తలో మూటా కట్టుకుని పరుగెత్తి ఉండేవాళ్ళం. నమ్మకం కలగాలని ఎక్కడ వేడెక్కిందో, ఎప్పట్నుంచి వేడెక్కిందో కూడా చెప్పారు. సరస్సు ఒడ్డు, తెల్లవారిన దగ్గర్నుంచి. సరిగ్గా మేం కుండలు పెట్టే చోటు, పెట్టే వేళ.

అత్త అప్పటికే పెరటి తలుపు తీసి గోడ మీంచి అరుస్తోంది. "ఒసేవ్ ఒర్తెన్సియా, నీ చేమదుంప ఎలా ఉంది?"

"నా దుంపకేం, నీ దుంప కంటే బాగుంది" అని జవాబు వచ్చింది అటువైపు హోటల్లోంచి. "సైరన్ మోగుతుంటే దుంపల గొడవేమిటే నీకు?"

"నడుమ పంటికి తగులుతోందా?"

అటువైపు గరిటె కుండకు తగిలిన చప్పుడు. ఆ తర్వాత, "తగులుతోంది" అని, వెంటనే, "అయితే ఈ సైరనేమిటే?" అని వినిపించింది.

ఒర్తెన్సియా తన పక్కింటికి కేకేసింది. ఆ పక్కింటివాళ్ళు ఎదురింటికి. ఏడు కుండలు ఆ వేళ నేలలోంచి లేచాయి, ఏడింట్లోనూ చేమదుంప ఒకటే మాట చెప్పింది.

"సార్, అలారం అబద్ధం" అంది ఎర్మెలిందా ఫోన్లో. "స్క్రీన్ మీద అంకెలు ఎవరో దొంగగా ఎక్కించారు. ఊరు కదలదు."

"సాక్ష్యం?"

"ఏడు చేమదుంపలు."

కర్నల్ దీవిలో పుట్టినవాడు. రెండో ప్రశ్న అడగలేదు.

మడమ చప్పుడు అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. అంకెలు దొంగవైతే, వాటికి మూడుసార్లు మడమ కొట్టి సరే అన్నవాడు ఎవరు? ఎండ కాస్తుంటే గొడుగు అందుకున్నవాడు ఎవరు? గట్టు మీద ఈల వేసింది ఎవరు?   పొద్దుట్నుంచీ పెదనాన్నను చంపినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బండి తోలింది.

హాల్లోకి వచ్చింది. డచ్చి దంపతులు తలుపు దగ్గర తటపటాయిస్తున్నారు. "కూర్చోండి" అంది వాళ్ళతో. "ప్రమాదం లేదు. చల్లారితే బాగుండదు." అత్త వెనకే వచ్చి, వాళ్ళ పళ్ళాల్లో ఇంకో గరిటె వడ్డించింది.

సైరన్ మోగుతూనే ఉంది. జనం తింటూనే ఉన్నారు. ఫుర్నాష్ చరిత్రలో అంత మొండిగా తిన్న భోజనం ఇంకోటి లేదు. గ్లాసులు అదురుతున్నాయి, కుక్కలు ఏడుస్తున్నాయి, ఒక్కరంటే ఒక్కరు గుమ్మం దాటలేదు. భయం లేక కాదు. ముద్ద ముద్దకూ దుంప విరిచి చూసుకుంటూ తిన్నారు. మా పర్వతం లేస్తే మేమే లేచి దణ్ణం పెట్టి దారిస్తాం. ఎవడో స్క్రీన్ మీద లేపితే మాత్రం లేవం.

బయట మైదానం ఖాళీగా ఉంది. నడిమధ్యన తెల్ల సూటు వేసుకుని, గొడుగు పట్టుకుని డినిష్ ఒక్కడే నిలబడ్డాడు, వరుడు రాని పెళ్ళి పందిట్లో పురోహితుడిలా.

ఎర్మెలిందా అతని దగ్గరికి వెళ్ళింది.

"ఏరీ వీళ్ళంతా?" అన్నాడు. మొదటిసారి అతని గొంతులో నునుపు తగ్గింది. "డాక్టర్ ఏడీ?"

"ఊళ్ళో పెట్టుకుంటామా అండీ? సరస్సు దగ్గర పంపు షెడ్డులో ఉన్నాడు. నడవలేడు, భయంతో బిగుసుకుపోయాడు. మీరొస్తే చెరో రెక్కా పట్టుకుని తెద్దాం."

అతను నవ్వాడు. అంత అందమైన నవ్వు ఆమె అంతకుముందు చూడలేదు. "పద, మై డియర్."

వ్యాను సరస్సు దగ్గర ఆగింది. ఒడ్డున ఎవరూ లేరు. గంధకపు ఆవిరి తెరలు తెరలుగా కదులుతోంది. తవ్విన గుంతల మీద మూతలు మళ్ళీ వేసి, పైన పల్చగా మట్టి కప్పి వెళ్ళారు, రేపటి కోసం. పలకలు తీసేశారు. కొత్తవాళ్ళకు అదంతా ఒట్టి నేలే.

ఎర్మెలిందా ముందు నడిచింది. ఒక్కో దిబ్బనూ చుట్టి, కాళ్ళకు కళ్ళున్నట్టు. ఆవిరి నడుమ ఒక చోట ఆగి వెనక్కి తిరిగింది. అతనికీ ఆమెకూ మధ్య పది అడుగుల నేల, అంతే.

"షెడ్డు ఎక్కడ?" అన్నాడు.

"లేదండి."

డినిష్ ఆగాడు. విషయం అర్థమవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు, తెలివితక్కువవాడు కాదు. గొడుగు పిడి సగం తిప్పాడు. కింది మొనలోంచి సన్నటి సూది బయటికి వచ్చింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"చేమదుంప."

"పల్లెటూరి బుద్ధులు." తల ఊపాడు, నిజంగా జాలిపడుతున్నట్టు. "ముసలాడు కూడా ఇలాగే అనవసరంగా వెతికాడు. బాగా బతిమాలాడులే."

"అబద్ధం. ఆయన ఎవర్నీ బతిమాలే మనిషి కాదు."

"సరే, బతిమాల్లేదు. నువ్వు బతిమాలుతావా?"

"నేను ఆయన దగ్గర చదువుకున్నాను. దమ్ముంటే రా."

డినిష్ గొడుగు ముందుకు చాచి, సూటిగా, దగ్గరి దారిన వచ్చాడు. ఒక అడుగు. రెండు. సూది మొన ఆమె మోకాలికి జానెడు దూరంలోకి వచ్చింది. ఆమె కదల్లేదు. మూడో అడుగు 'డియోలిందా' గుంత మీద పడింది.

పాత చెక్కమూత ఫట్‌మని విరిగింది. చెస్ట్‌నట్ రంగు బూటు, దాంతోపాటు తెల్ల లినెన్ ప్యాంటు, మోకాలి దాకా దిగబడ్డాయి. లోయలో సైరన్‌ను మించిన కేక ఒకటి లేచింది. గొడుగు ఎగిరి బురదలో పడింది. ఎర్మెలిందా ముందు దాన్ని కాలితో దూరంగా తన్ని, తర్వాత అతని చంకల కింద చేతులు వేసి బయటికి లాగింది. పెదనాన్నను చంపినవాణ్ణి లాగడానికి ఆమె తొందరపడలేదని అంటారు. నేనైతే అసలు లాగేవాణ్ణి కాదు. కాలు వచ్చింది, బొబ్బలతో. బూటు రాలేదు.

పొదల్లోంచి టోర్‌స్టెన్ లేచాడు, మొహం ఎర్రగా చేసుకుని.

"అమెరికా నుంచి దారి తప్పి వచ్చిన బాతు" అన్నాడు వణికే గొంతుతో. "యూరప్ మొత్తంలో ఈ ఏడాది ఒక్కటే. దాని కోసం స్వీడన్ నుంచి వచ్చాను. సైరన్ మోగినా కదల్లేదది. మీవాడి కేకకు ఎగిరిపోయింది."

ఎర్మెలిందా క్షమించమని అడిగింది. పొద్దుట్నుంచీ అతన్ని హంతకుడనుకున్నందుకు కూడా అందులోనే కలిపి అడిగింది.

సాయంత్రం విమానంలో డాక్టర్ ఇమాంట్స్ లిస్బన్ వెళ్ళాడు, ఒక ఊదారంగు రెయిన్‌కోటు తొడుక్కుని, ఒక డచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని. ఆవిడ మొగుడు రెండు వరసల వెనక కూర్చుని సణిగాడట. అత్త కట్టిచ్చిన మూటలో చేమదుంపలు ఉన్నాయి. తొక్క తీసి ఇచ్చింది, అతన్ని నమ్మలేక.

కర్నల్ బ్రూమ్ సరస్సు ఒడ్డుకు వచ్చేసరికి డినిష్‌ను ఆసుపత్రి బండి ఎక్కించారు. ఇద్దరు పోలీసులు తోడెళ్ళారు. అతను నోరు మెదపడం లేదు, అంతా అబద్ధమంటున్నాడు. కావలసింది ఆ మడమలోని మీట. ఎప్పుడు కొట్టిందీ, ఎవరి అంకెలకు సరే అన్నదీ దాంట్లో భద్రంగా ఉంటుంది. మంటల్లో వేసినా చెడదని తయారుచేసినవాళ్ళ హామీ.

"బూటు ఎక్కడ?" అన్నాడు కర్నల్.

ఎర్మెలిందా దిబ్బ వైపు చూపించింది. ఎవరో మళ్ళీ మట్టి కప్పేశారు. పైన పలక కూడా నిలబెట్టారు. పలక పక్కన డియోలిందా అత్త, నడుం మీద చేతులతో.

"తవ్వించండి" అన్నాడు కర్నల్.

"వేళ కాలేదు" అంది అత్త.

"అమ్మా, ఇది దేశ రక్షణ విషయం."

"కావచ్చు నాయనా. మా అమ్మ తవ్వలేదు, వాళ్ళమ్మ తవ్వలేదు. వేళ కాకుండా ఈ గుంత తవ్వడం మా ఇంటా వంటా లేదు. రేపు మధ్యాహ్నం గంట కొట్టాక రండి, నా చేత్తో నేనే తీసిస్తాను."

కర్నల్ ఎర్మెలిందా వైపు చూశాడు. ఎర్మెలిందా సరస్సు వైపు చూసింది. ఆఖరికి కర్నల్ టోపీ తీసి, ఆ దిబ్బను చుట్టి, జాగ్రత్తగా అడుగులేసుకుంటూ తన కారు వైపు నడిచాడు.

అత్త వెనక నుంచి కేకేసింది.

"రేపు భోజనం ఇక్కడే చెయ్యాలి నాయనా. లిస్బన్ తోలు కదా, మెత్తబడ్డానికి కాస్త టైం పడుతుంది."